తొలి వల

మందుల కంపెనీ వదిలిన నీళ్ళు కలిసిన చెరువులో చేపలు పట్టనియ్యొద్దని పంచాయతీకి దరఖాస్తు పెట్టింది మన బెస్తోళ్ళలోనే ఒకరట అని, ఎవరో అనుకుంటుంటే విన్నానంటూ పక్కింటి అరుణమ్మ పొద్దున్నే పెంటయ్య చెవిన వేసింది.

పెంటయ్యకు ఒళ్ళు మండింది. చేపలు పట్టొద్దని పంచాయతీ వేయించిన దండోరాను లెక్కచేయకుండా చెరువుకు పోయి వల విసిరి, బుట్టెడు చేపలు తెచ్చి వాకిట్లో కుమ్మరించాడు.

"తాతల కాలం నుంచి మాది గీ చెరువు. సంగారెడ్డి వకీలు సాబ్‌ను గూడ అడిగిన. రాజ్యాంగం ఇచ్చిన హక్కును పంచాయతీ డప్పు కొట్టి గుంజుకోలేదన్నడు. గా దరఖాస్తు పెట్టినోడెవడో దొరకనియ్యి."

"ఏడికి పోతవ్ ఎతకనీకి? నేనే ఏలిముద్ర ఏసిన," అంది భార్య లచ్చవ్వ.

పెంటయ్య అరుగు మీద కూలబడ్డాడు. "మన బువ్వల నువ్వే మన్ను పోసినవా? వల తప్ప నాకేం పని వస్తదే?"

కొత్తనీరు వచ్చాక తొలి వల చేపను ఇంట్లో వండుకు తిన్నాకే మిగిలినవి అంగడికి పోవాలన్నది ఆ వాడ ఆచారం. పురిటికి వచ్చిన కూతురు కౌసల్య, ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే అన్నట్టు కత్తిపీట వేసుకుని, ఒక చేపకు బూడిద రాయబోయింది.

పెంటయ్య చప్పున లేచి దాన్ని లాక్కున్నాడు.

"నువ్వు తినకు బిడ్డా. గవి మందు నీళ్ళల్ల పెరిగినయి. పటాన్‌చెరుల అమ్ముకొస్త."

లచ్చవ్వ మెల్లగా అడిగింది.

"పటాన్‌చెరుల కడుపుతోటి ఉన్నోళ్ళు లేరా?"