నేల కింది నాగరికత

"గొయ్యి పూడ్చి ప్రొద్దుటూరికి పో మేడమ్. ఇంగ ఒక్క గంప మన్ను బయటికొచ్చినా బాగుండదు," అన్నాడు చెన్నకేశవ.

ఆయన వెనక సుమోలో ఉన్నవాళ్లు దిగలేదు. తాము దిగాల్సిన అవసరం రాదన్న ధీమాతో కూర్చున్నారు.

పురావస్తు శాఖ అరుణకుమారి గొయ్యి వైపు చూసింది. జమ్మలమడుగు దగ్గర ఆ ఊరి బయట తవ్విస్తుంటే పొద్దున్నే రాతిమెట్లు బయటపడ్డాయి. వాటి కింద సొరంగం, గాలి రావడానికి గోడల్లో కన్నాలు. ఇక్కడ నేల కింద ఒక ఊరే ఉండేదంటే ఆఫీసులో అందరూ నవ్వారు. తీరా నమ్మించే సమయానికి ఈయన అడ్డం పడ్డాడు.

"ఇది సర్కారు పని చెన్నకేశవన్నా."

"సర్కారు మాదే కదమ్మా," అని ఆయన బండెక్కాడు.

సుమో అటు పోగానే ఇటు కుళ్లాయప్ప మనిషి మోటారు సైకిలు దిగాడు. ఊళ్లో పైవీధి చెన్నకేశవది, కిందివీధి కుళ్లాయప్పది. చెరొక పార్టీ. బాంబులు వేసుకున్న రోజుల నుంచీ ఇద్దరికీ సర్కారు గన్‌మెన్లను కాపలా ఇచ్చింది. ఒకరి పెళ్లిలో వాయించిన మేళగాళ్లను రెండోవాళ్లు గడప తొక్కనివ్వరు. చెన్నకేశవ వద్దన్న పనిని కుళ్లాయప్ప పట్టుబట్టి చేయిస్తాడని ఆమెకు ఆశ పుట్టింది.

"మీరైనా అండగా ఉండాలప్పా. ఆయన తవ్వొద్దంటున్నాడు."

"మా పెద్దాయన మాటా అదే మేడమ్. తవ్వితే తల తెగుతాదని చెప్పి రమ్మన్నాడు."

నిన్న వాన పడిందా లేదా అన్నదానిమీద కూడా ఒప్పుకోని ఇద్దరు ఈ గొయ్యి దగ్గర ఒక్కమాట మీదికి వచ్చారు.

"లోపల లంకెబిందెలు ఉంటాయి మేడమ్. ఇద్దరూ కన్నేసినారు," అన్నాడు మేస్త్రీ మోషే.

అరుణకుమారికి ఒళ్లు మండింది. వాళ్లు దోచుకోకముందే ఒక్కసారి కళ్లారా చూడాలనుకుంది. మధ్యాహ్నం కూలీలు అన్నానికి పోగానే టార్చి తీసుకుంది.

"నువ్వూ రా మోషే."

"నేను ఈడ్నే కాపలా ఉంటా మేడమ్. ఎవరన్నా వస్తే పరిగెత్తల్ల కదా."

ఒంటరిగానే దిగింది. లోపల రాతి అరుగులు, గూళ్లు, గోడల మీద మసి. వేల ఏళ్ల కింద ఇక్కడ ఎవరో వంట చేసుకున్నారనుకోగానే ఆమె కళ్లు చెమర్చాయి. మసిని వేలితో మెల్లగా తాకింది. ఇంకాస్త ముందుకు వెళ్లేసరికి పొట్టేలు కూర వాసన గుప్పుమంది.

ఆ వాసన మాత్రం వేల ఏళ్లనాటిది కాదు.

మలుపు తిరిగింది. లాంతరు పక్కన ఇద్దరు మనుషులు పులిజూదం ఆడుతున్నారు. మధ్యలో రాగిసంగటి, కూర. ఇద్దరికీ ఒకే పళ్లెం.

"నీ పులిని కట్టేసినా కుళ్లాయప్ప మామా," అంటూ తలెత్తిన చెన్నకేశవ ఆమెను చూసి నోట్లో ముద్ద మింగలేకపోయాడు.

"మీరిద్దరూ... కలిసి..."

కుళ్లాయప్ప పక్కకు జరిగి అరుగు మీద చోటిచ్చాడు. "కూచో బిడ్డా. మా తాతల కాలం నుంచీ ఉండాది ఈ దారి. ఒక కొస మా పెరట్లో, ఇంగో కొస వీండ్ల పెరట్లో."

"మరి పైన ఆ కొట్లాటలు, బాంబులు?"

చెన్నకేశవ ఎంగిలి చేతులే జోడించాడు. పొద్దున బెదిరించిన గొంతు కాదది.

"నీకు దండం పెడతా తల్లీ, యాడా చెప్పొద్దు. మేం మాట్లాడుకుంటాండామని తెలిస్తే ఇద్దరి గన్‌మెన్లనూ ఎత్తేస్తారు."