చక్కెర వెయ్యని టీ

"బీబీ సరే అనేదాకా కాఫీ ముట్టుకోకు. ముట్టావో, పిల్ల అక్కర్లేదన్నట్టే" అని ఫోన్లో గుసగుసలాడింది రబాబ్.

"చాలనుకుంటే కప్పు ఊపాలి. ఊరు అరబ్బుల మొహమ్మరా, తెగ బనీ కాబ్, పేరు కాసిం. కామ్యార్ అన్నవాణ్ణి పొద్దుటే మర్చిపోయా" అని పాఠం అప్పజెప్పాడు కామ్యార్.

"ఇరాన్ మాట, మీ షీరాజ్ మాట ఎత్తావంటే కాళ్లు విరగ్గొట్టేది అన్నయ్య కాదు, మా బీబీనే!"

ఇరాక్‌లోని బస్రాలో ఆ వీధి వీధంతటికీ తెలుసు, రబాబ్ నాయనమ్మ బీబీకి ఇరానీల పొడ గిట్టదని. "మనం అరబ్బులం, వాళ్లు అజమీలు, పరాయి జాతి. నూనే నీళ్లూ కలుస్తాయటే?" అనేది. వెనక యుద్ధం రోజుల్లో, ఇరానీ మూలాలున్నవాళ్లని లారీలెక్కించి సరిహద్దు దాటిస్తుంటే, "పీడ వదిలింది" అని అందరికంటే గట్టిగా అరిచింది ఆవిడేనట. తండ్రి లేని రబాబ్ పెళ్లికి ఆవిడ మాటే శాసనం.

ఆవిడకి చక్కెర జబ్బు. చప్పిడి టీ తెప్పించుకుని, గది తలుపేసుకుని ఒంటరిగా తాగుతుంది. మంచం కింద ఓ తాళం డబ్బా. అందులో బంగారముందని రబాబ్ అన్న అద్నాన్ గొణుగుడు.

సాయంత్రం కామ్యార్ బజారు పెద్దమనుషుల్ని వెంటేసుకొచ్చాడు. బీబీ గదిలోనే కూర్చోబెట్టారు. కాఫీ చల్లారిపోతున్నా ముట్టలేదు.

"ఏ తెగ నాయనా?"

"బనీ కాబ్, బీబీ."

"తాగు. పిల్ల నీదే."

తాగి కప్పు ఊపాడు.

"చూశావుట్రా అద్నాన్! రక్తం దాచినా దాగదు" అని బీబీ మురిసిపోయింది.

రబాబ్ టీ తెచ్చింది. అందరికీ చక్కెర వేసి, బీబీకి చప్పిడి. గండం గడిచిందన్న కులాసాలో కామ్యార్ కప్పులో చక్కెరని చెంచాతో తిప్పడం మరిచాడు. జేబులోంచి చక్కెర గడ్డ తీసి, పళ్ల మధ్య పెట్టుకుని, సర్రున జుర్రాడు.



"అజమీ వెధవ!" అద్నాన్ లేచాడు. "చక్కెర పళ్ల మధ్య పెట్టుకోడం ఇరానీల తాగుడే, బీబీ!"



బీబీ చేతికర్ర నేలకేసి కొట్టింది. "అందరూ బయటికి నడవండి! వీడి సంగతి నేను తేలుస్తా. తలుపెయ్యండి!"

రబాబ్ తలుపు సందుకి కన్ను ఆనించింది. బీబీ మంచం కింద డబ్బా లాగి తాళం తీస్తోంది. లోపల కత్తేమైనా ఉందా దేవుడా!

బీబీ డబ్బాలోంచి ఓ చక్కెర గడ్డ తీసి, పళ్ల మధ్య పెట్టుకుని, అచ్చం కామ్యార్ లాగే టీ సర్రున జుర్రింది.