ఆదివారం చుట్టుదారి

"ఆగండి! ఆగండి బాబూ!"

పొగమంచులోంచి ఉన్నట్టుండి ఎదురొచ్చిన మనిషిని గుద్దకుండా ఆర్నో రెండు బ్రేకులూ బిగించాడు. తడి ఆకుల మీద వెనక చక్రం సర్రున జారింది. అతని వెనకే వస్తున్న భార్య సెవరీన్ కాలు నేలకు ఆన్చి నిలదొక్కుకుంది.

అడ్డొచ్చినావిడకు అరవై దాకా ఉంటాయి. పేరు మిరేయ్. ఒంటి మీద నారింజరంగు చొక్కా, కాళ్ళకు రబ్బరు బూట్లు. రెండు చేతులూ చాచి దారికి అడ్డంగా నిలబడింది.

"ఇటు వెళ్ళొద్దు. లోపల వేట జరుగుతోంది."

"మా దారి ఇదేనమ్మా," ఆర్నో ఫోను చూపించాడు. "ఆరు కిలోమీటర్లు అడవి, దాటితే చెరువు. వేటంటున్నారు, బోర్డేదీ మరి?"

"పెద్ద రోడ్డు మీద పెట్టారు. అక్కడ పెడితే చాలట! ఫోన్లు చూసుకుంటూ ఈ అడవిదారిన పడి వచ్చేవాళ్ళుంటారని వాళ్ళకేం పట్టింది? నేను అట్టముక్క మీద రాసి చెట్టుకు కట్టాను. వానకు నానిపోయింది. అందుకే నేనే నిలబడుతున్నా. ప్రతి ఆదివారం."

"చుట్టూ తిరిగి వెళ్తే ఎంత?"

"పదిహేడు."

"అంతా ఎత్తెక్కడమేనా?"

"ఈ మోర్వాన్ కొండల్లో ఎత్తు కాని దారేముంది బాబూ?"

సెవరీన్ హ్యాండిల్ మీద తల వాల్చేసింది. "పెళ్ళిరోజుకి సముద్రానికి పోదాం అంటే విన్నావా? కొండలన్నావ్, మంచిగాలన్నావ్. తొక్కు ఇప్పుడు, పీల్చుకుంటూ తొక్కు."

"రాత్రి జున్నంతా ఒక్కదానివే లాగించి, రేపు కరిగించేస్తానన్నదెవరు?"

మిరేయ్ నవ్వలేదు. ఆవిడ చూపంతా ఆర్నో కోటు మీదే ఉంది. ముదురు గోధుమరంగు కోటు.

"నువ్వు ఇది తొడుక్కుని వెళ్తావా లోపలికి?"

"ఏం, బాలేదా?"

"ఈ మంచులో, ఆ పొదల వెనకాల, వంగి తొక్కుతున్న మనిషి ఎలా కనిపిస్తాడో తెలుసా నీకు? అడవిపందిలా. అచ్చం అలాగే. కోర్టులో కూడా అదే చెప్పారు."

ఆర్నోకు విసుగొచ్చింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పన్నెండున్నర దాటితే చెరువు దగ్గర సత్రంలో భోజనం దొరకదు. "అమ్మా, గంట మోగించుకుంటూ వెళ్తాం. పాట కూడా పాడతాం. నా పాట వింటే పందులే పారిపోతాయి." సైకిలును పక్కకు తిప్పి ముందుకు ఉరికించబోయాడు.

ఆవిడ రెండు చేతులతో హ్యాండిల్ పట్టేసుకుంది. ఆ పట్టుకు సైకిలు కదల్లేదు.

"నాకు ఒక్కడే కొడుకు," అంది. "పంతొమ్మిదేళ్ళు. నాలుగేళ్ళ కిందట, ఇలాంటి ఆదివారమే. ఇంకాసేపు పడుకుంటానమ్మా అన్నాడు. నేనే లేపాను. స్నేహితులు ఎదురుచూస్తుంటారు, మాటిచ్చి పడుకుంటే ఎలా అన్నాను. ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చాను. జలుబు చేస్తుందేమో, కాళ్ళు తడుస్తాయేమో, జారి పడతాడేమో... అన్ని భయాలూ పడ్డాను తల్లీ, ఈ ఒక్కటీ తోచలేదు నాకు. ఈ దారినే లోపలికి వెళ్ళాడు. ఒకే ఒక్క తూటా. మా వంటింట్లోకి వినిపించింది. మళ్ళీ నా పిల్లాడు నాకు దక్కలేదు."

సెవరీన్ సైకిలు దిగింది. "ఏం పేరమ్మా?"

"తిబో."

పేరు చెప్పేటప్పుడు ఆవిడ వాళ్ళ మొహాలు చూడలేదు. ముందు చక్రం కేసి చూస్తూ ఉండిపోయింది.

ఆర్నో ఏదో అనబోయాడు. అంతలో అడవి లోపల బూర ఊదారు. కుక్కలు మొరిగాయి. ఒక్క క్షణం ఆకుల మీంచి నీటిచుక్కలు రాలుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ తర్వాత తుపాకి పేలింది. ఆ మోత కొండకు తగిలి తిరిగొచ్చింది. సరిగ్గా వాళ్ళు వెళ్ళాల్సిన దారి మీంచే.

ఆర్నో సైకిలు వెనక్కి తిప్పాడు.

"రోడ్డు మీదుగానే వెళ్తాం," అంది సెవరీన్. వెళ్ళేముందు చేతి తొడుగు తీసి ఆవిడ చెంప నిమిరింది. "మీ బాధ ఊహించలేనమ్మా."

"కోటు విప్పి సంచీలో పెట్టమను," అంది ఆవిడ. "రోడ్డు మీదైనా సరే. చలేస్తే వేయనీ."

ఆర్నో నిజంగానే విప్పేశాడు. అతని పసుపురంగు బనియను మలుపు తిరిగేదాకా కనిపించింది. ఆ తర్వాత మంచు మూసేసింది. ఆవిడ మాత్రం సైకిలు గొలుసుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడి, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఇద్దరు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

వేట ముగిసిందని బూర మూడుసార్లు మోగాక ఇల్లు చేరింది. బూట్లు గుమ్మంలో విప్పింది. పాలు కాచి, కాఫీ కలిపి, రొట్టెకు వెన్న రాసి, పళ్ళెం పట్టుకుని చెక్కమెట్లు ఎక్కింది. ఆ మెట్లపై గదిలో మంచం, గోడ మీద బొమ్మలు, కిటికీ తెరలు నాలుగేళ్ళుగా ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఊళ్ళో ఎవరూ ఆ గది మాట ఎత్తరు. ఆవిడ పళ్ళెం గడప దగ్గర పెట్టి, తలుపు మీద మెల్లగా రెండుసార్లు తట్టింది.

"అమ్మా," ప్రతి ఆదివారం అడిగినట్టే లోపలినుంచి అడిగాడు తిబో, "ఇవాళ నేనెవర్నీ కాల్చలేదు కదా?"