ఆకుపచ్చ బండి కప్పు

పైనున్న వినైల్ తోలు ఒలవాలి. తుప్పు గీకాలి. కన్నాలుంటే రేకు అతకాలి. లోపలి కప్పుబట్ట దించి కొత్తది కట్టాలి. సీట్ల స్ప్రింగులు చూసి తొడుగులు కుట్టాలి. కింద తివాచీ మార్చాలి. గురువారం అర్వెల్లాను ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గోడకు అంటించిన ఆ కాగితాన్ని ఓరిన్ టాకెట్ మరోసారి చదువుకున్నాడు. వరసలో నాలుగోదైన కప్పుబట్ట పనే ముందు మొదలుపెడదామనుకున్నాడు. ఎప్పుడూ అంతే.

కారు 1970 నాటిది. పొడుగాటి ముక్కు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. లాన్సింగ్ నుంచి థాడ్ అనే పళ్ల డాక్టరు మరమ్మతుకు తెచ్చాడు.

"అందరూ ముందు బానెట్ ఎత్తుతారు. నువ్వేంటి పెద్దాయనా, నెత్తి తడుముతున్నావు?" అన్నాడు థాడ్.

"ఎండా వానా మోసేది నెత్తేగా."

"నలభై తొమ్మిదేళ్ల కాపురంలో నా నెత్తి ఇంత ప్రేమగా ఎప్పుడైనా నిమిరాడేమో అడుగు బాబూ," అంది అర్వెల్లా. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఆ ఒక్క వాక్యానికే ఆయాసపడింది.

థాడ్ నవ్వుతూ వెళ్లిపోయాడు. అతను వెళ్లాక ఓరిన్ ఇంజను పక్కన, బండి ఎక్కడ ఎప్పుడు తయారైందో చెక్కిన చిన్న రేకు బిళ్లను తుడిచాడు. ఫ్లింట్ ఊరి కార్ల ఫ్యాక్టరీ. ఏప్రిల్, మూడో వారం. తలుపు సందులో ఎర్ర రంగును గోటితో గీకాడు. అడుగున ఆకుపచ్చ.

అతని చెయ్యి ఆగిపోయింది.

ఆ ఏప్రిల్‌లో ఓరిన్‌కి ఇరవై ఏళ్లు. ఫ్యాక్టరీలో కప్పుల వరసలో పని. అర్వెల్లా అక్క లియోటా కూడా అక్కడే సీట్లు బిగించేది. వాళ్లకో అలవాటుండేది. లోపలి బట్ట కట్టే ముందు, పసుపు మైనపు పెన్సిల్‌తో కప్పు రేకు మీద ఏదో ఒకటి రాసేవాళ్లు. పేర్లు, బూతులు, ప్రియురాళ్ల ముద్దుపేర్లు. నిమిషంలో పక్కవాడు బట్ట కప్పేసేవాడు. ఇక ఆ రాత ఎవరి కంటా పడదు.

ఆ నెల మూడో వారంలో ఒక రోజు బండ్లు కదిలే లైను ఆగిపోయింది. మోటారు కాలిందట. ఒక ఆకుపచ్చ బండి కప్పుకు లోపలి బట్ట కట్టకుండానే గంటసేపు నిలబడిపోయింది. భోజనానికి వెళ్లేవాళ్లంతా తల లోపలికి పెట్టి చదివారు. లియోటా ఫోర్‌మన్‌కి చాడీలు మోస్తుందని రాసి ఉంది.

ఫ్లింట్‌లో దొంగనైనా క్షమిస్తారు గానీ చాడీలు మోసేవాళ్లను క్షమించరు. లియోటాతో ఎవరూ మాట్లాడలేదు. భోజనాల బల్ల దగ్గర ఆమె కూర్చుంటే అందరూ లేచిపోయేవారు. అది మంచు పడేదాకా సాగింది. క్రిస్మస్‌కి ముందు వారం ఆమెను నదిలోంచి తీశారు.

రాసింది ఎవరని అడిగితే అందరూ నేను కాదన్నారు. బట్ట కప్పేశారు. బండి ఎవరికో అమ్ముడుపోయింది.

మరుసటేడు ఓరిన్ అర్వెల్లాను పెళ్లి చేసుకున్నాడు. ఫ్యాక్టరీ మానేసి ఈ కొట్టు పెట్టాడు. ఆ రాత కోసం, ఆ ఏడాది బండి ఏదొచ్చినా కాదనలేదు. ఇది ముప్పై ఎనిమిదోది. భార్య అక్క కోసం ఇంత చేసేవాడు ఉండడని ఊరంతా అతన్ని మెచ్చుకుంటుంది.

"ఆకుపచ్చా?" అంది అర్వెల్లా. అతని వీపు చూసే ఆమెకు అర్థమైపోయింది.

"ఆకుపచ్చే."

"ఆ రాసినవాడి చేతిరాత చూస్తే పోల్చగలవా ఇప్పుడైనా?"

"చూడగానే పోలుస్తాను."

"నేనూ చూస్తానయ్యా. ఈ ఒక్కసారి. గురువారం తర్వాత నేను ఇంటికి వస్తానో రానో."

"దుమ్ము నీకు పడదు. బయట కూర్చో."

ఆమె ఊపిరితిత్తులు ఉక్కులా ఉన్న రోజుల్లోనూ అతను అదే మాట చెప్పేవాడు. ఆమె లేచింది. గొట్టం, సిలిండరు లాక్కుంటూ నెమ్మదిగా బయటికి నడిచింది.

ఓరిన్ తలుపు మూశాడు. బండిలోకి దూరి వెల్లకిలా పడుకున్నాడు. అంచు కుట్లు ఒక్కొక్కటే కోశాడు. బట్ట మొహం మీదికి జారింది. దాంతోపాటు దోసెడు ఎర్రటి పొడి రాలింది.

కళ్లు తుడుచుకుని పైకి చూశాడు. వినైల్ తోలు యాభై ఏళ్లుగా వాన నీటిని పట్టి ఉంచింది. అద్దం పైన, ఎక్కడైతే రాసేవాళ్లో సరిగ్గా అక్కడ, రేకు లేదు. జానెడు కన్నం. అంచు వేలికి తగిలితే పొరలు పొరలుగా ఊడింది. ఒక్క అక్షరం లేదు. అసలు ఇదే ఆ బండో కాదో చెప్పగలిగేవాడు ఇక లోకంలో లేడు.

బండిలోంచి దిగి తలుపు తీశాడు.

బయట అర్వెల్లా ఎండలో కళ్లు మూసుకుని కూర్చుంది.

"ఉందా?"

"తుప్పు తినేసింది."

ఆమె తల ఊపింది. అతని చెయ్యి పట్టుకుంది. చేతినిండా ఎర్ర పొడి.

"పోనీలే. వాడెవడో తెలియకుండానే పోతాను. నువ్వు మాత్రం మా అక్కను వదల్లేదు. అది చాలు నాకు."

అతను చెయ్యి విడిపించుకున్నాడు. లోపలికి వెళ్లిపోయాడు.

బుధవారానికి తుప్పు కోసి కొత్త రేకు అతికాడు. నున్నగా రుద్దాడు. కప్పుబట్ట సిద్ధం చేసుకుని, గుమ్మం వైపు ఒకసారి చూశాడు. ఆమె నిద్రపోతోంది. బండిలో వెల్లకిలా పడుకుని, బట్ట కట్టే ముందు, కొత్త రేకు మీద పసుపు పెన్సిల్‌తో నింపాదిగా రాశాడు:

'ఈ కప్పు మళ్లీ విప్పేవాళ్లకు: లియోటా ఎవరి మీదా చాడీలు చెప్పలేదు, నాతో పెళ్లికి కాదందన్న కోపంతో ఆ రాత రాసింది నేనే, ఆమెను గుర్తుపెట్టుకోండి.'