మిషన్‌కు దుబాసీ

"దుబాసీ ఎందాక వచ్చిండు, రావ్ సాబ్?" రొట్టెల మూట విప్పుతూ అడిగాడు హయాత్ బాషా.

"సగం దారికొచ్చాడు, భాయ్. మన మాట వింటున్నాడు. అర్థం కాకపోతే తెలీదని కూడా చెబుతున్నాడు," అన్నాడు వెంకట్రావు, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో పైపులు తయారుచేసే ఫ్యాక్టరీ అది. ఎనభై అయిదు వేసవి. మధ్యాహ్నం ఎండకు పని ఆపేస్తారు. కూలీలు నీడ చూసుకుని నడుం వాలుస్తారు, ఫ్యాక్టరీ మేనేజరు, అందరూ ముదీర్ అనే అరబ్బు, భోజనానికి ఇంటికి వెళ్తాడు. సరిగ్గా ఆ వేళకు వెంకట్రావు తుక్కు పైపుల గుట్ట వెనకనుంచి, చిన్న తలుపు గుండా కోత మిషన్ గదిలోకి వస్తాడు. మిషన్ నడిపే బాషా గడియ పెట్టి, తన రొట్టెల్లో సగం అతని ముందుంచుతాడు.

కోత మిషన్‌ను నడిపేది దాని పక్కనున్న చిన్న కంప్యూటర్. దానికి అంకెలు తప్ప మరో భాష రాదు. ఎంత పొడవు కొయ్యాలి, ఎన్నిసార్లు కొయ్యాలి, ఎప్పుడు ఆగాలి, అన్నీ అంకెల్లోనే చెప్పాలి. చలికాలంలో ఒకరోజు, ఇరుక్కుపోయిన ముక్కను తీయబోయాడు జగిత్యాల పోచన్న. కరెంటు ఆపే ఎర్ర బటన్ అవతలి గోడ మీద ఉంది. బాషా కంగారులో కంప్యూటర్ మీద ఒక అంకె తప్పు కొట్టాడు. రంపం ఆగలేదు. చొక్కా చిరిగింది గాని, పోచన్న చెయ్యి దక్కింది.

కంప్యూటర్ చూసుకోవడానికని అమలాపురం నుంచి వచ్చినవాడు వెంకట్రావు. ఆ చిరిగిన చొక్కా అతని కళ్ల ముందునుంచి పోలేదు. మిషన్ భాషను మనుషులు నేర్చుకునే బదులు, మనుషుల మాటే మిషన్ వినేలా ఓ చిన్న భాష కట్టాలనుకున్నాడు. ఆ మాటల్ని అంకెల్లోకి మార్చడానికి కంపైలర్ రాయాలి. అదేమిటని బాషా అడిగితే, దుబాసీ లాంటిదన్నాడు. మన మాట విని, మిషన్‌కు దాని భాషలో చెప్పేవాడు. ఆనాటినుంచి కూలీలుండే క్యాంపులో అందరికీ అది దుబాసీయే.

ముదీర్‌కు ఇది గిట్టలేదు. మిషన్‌తో ఆటలాడే మనుషులు తనకు అక్కర్లేదని ముఖం మీదే చెప్పాడు. అయినా వెంకట్రావు మానలేదు. ఊరికి టికెట్ ఏ రోజైనా చేతికి రావచ్చు. ఆలోగా ముగించాలి.

ఏ మాటలు పెట్టాలన్నది క్యాంపులో పెద్ద పంచాయతీ అయింది. 'ఆగు' అంటే పఠాన్‌కు తెలియదు. మలయాళీ చెప్పిన మాట పోచన్నకు నోరు తిరగలేదు. చివరికి అందరి నోళ్లలోనూ నలిగే మాటలే తీసుకున్నారు. మొదలుపెట్టడానికి యల్లా. మళ్లీ చేయడానికి ఫిర్. ఆపడానికి ఖలాస్. తెలియని మాట కొడితే 'మాఫీ మాలూమ్' అని తెర మీద రావాలన్నది పోచన్న ముచ్చట. అది నిజంగానే వచ్చిందని తెలిసిన రోజు, మిషన్ కూడా మనలాగే తెల్వదంటోందని క్యాంపంతా నవ్వుకుంది. సాయంత్రం లారీ దిగినవాళ్లు బట్టలైనా మార్చుకోకుండా వెంకట్రావు మంచం చుట్టూ మూగి, ఇవాళ ఏం నేర్చిందని అడిగేవారు. చెబుతుంటే అతనికి ఆకలి గుర్తుండేది కాదు.

ఒక్కచోటే చిక్కుపడింది. రంపానికి కరెంటు తీసేసి, దాని బదులు ఒక దీపం తగిలించి పరీక్షిస్తున్నారు. రంపం దిగాల్సినప్పుడల్లా దీపం వెలుగుతుంది. ఫిర్ అన్నాక ఖలాస్ కొడితే దీపం ఆగడంలేదు. చెప్పిన కోతలన్నీ అయ్యాకే ఆగుతోంది.

"గిట్లయితే పోచన్న చెయ్యి ఈసారి దక్కది గద, సాబ్," అన్నాడు బాషా.

వెంకట్రావు రొట్టె ముక్క చేతిలో పట్టుకునే, తెర మీది వరసలన్నీ మొదటినుంచి చదివాడు. చివరికొచ్చి గబుక్కున లేచాడు.

"ఖలాస్‌ని కూడా మిగతా మాటల్లాగే వరసలో నిలబెట్టాను, భాయ్. దాని వంతు వచ్చేసరికి కోతలన్నీ అయిపోతున్నాయి. దానికి వరస ఉండకూడదు. రంపం వెంట్రుకవాసి కదలాలన్నా, ఎవరైనా ఖలాస్ అన్నారా అని ముందు అడిగి కదలాలి."

ఆ మార్పుకు వారం పట్టింది. అది కుదరగానే దీపం తీసేసి, రంపానికి కరెంటు ఇచ్చారు. ఆ మధ్యాహ్నం పోచన్న కూడా వచ్చాడు. బాషా ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ యల్లా, ఆ తర్వాత ఫిర్ కొట్టాడు. పైపు కదిలింది. రంపం దిగింది, లేచింది, మళ్లీ దిగింది. మూడో కోతకు రంపం దిగుతుండగా పోచన్న తన చేత్తోనే ఖలాస్ కొట్టాడు.

రంపం గాల్లోనే నిలిచిపోయింది.

పోచన్న తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. అప్పుడే ముందు తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ముదీర్.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు హిందీలో, వెంకట్రావును చూసి.

బాషా ముఖం పాలిపోయింది. వెంకట్రావు లేచి నిలబడ్డాడు. పోచన్నే ధైర్యం చేసి, మీరే ఒకసారి కొట్టి చూడండని వచ్చీరాని హిందీలో ముదీర్‌ను బతిమాలాడు. ముదీర్ విసుగ్గానే వంగి ఏదో కొట్టాడు. ఒక అక్షరం తప్పింది. 'మాఫీ మాలూమ్' అంది తెర. ఆయన నవ్వడం వాళ్లు చూసింది అదే మొదలు. సరిగ్గా కొట్టాడు, రంపం కదిలింది. ఖలాస్ అన్నాడు, ఆగింది. చిన్నపిల్లాడిలా మళ్లీ మళ్లీ నడిపి, మళ్లీ మళ్లీ ఆపాడు. ఒకసారి పోచన్న చేతి వంక చూశాడు.

"టికెట్ రద్దు చేయమని చెబుతాను. రేపు పొద్దున ఆఫీసుకు రా," అని వెంకట్రావుతో చెప్పి వెళ్లిపోయాడు.

ఊరికి వెళ్లే టికెట్ పోయిందంటే ఎవరైనా దిగులుపడతారు. బాషా మాత్రం వెంకట్రావును నడుం పట్టుకుని గాల్లోకి లేపాడు.

వెంకట్రావును ఆ ఫ్యాక్టరీ ఉద్యోగంలోంచి తీసేసి అప్పటికి రెండు నెలలు.