అమ్మ వైపు వాళ్ళు

“మీ తాతగారి తమ్ముడి మనవడితో మాట్లాడావా అమ్మా?” కుట్టుమిషను మీది ఫోన్‌లోంచి అడిగారాయన.

ఆయన ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. పాత బంధువులను వెతికిపెట్టే ఆన్‌లైన్ గ్రూపులో పరిచయం, అంతే.

“మాట్లాడాను సార్. ఆస్తేమైనా తేలిందా అన్నాడు. లేదనగానే ఫోన్ పెట్టేశాడు.”

“చుట్టమే, అనుమానం లేదు!” ఆయన నవ్వారు. “అయితే నా పని అయిపోయినట్టేనా?”

“అప్పుడేనా? అమ్మ వైపు వాళ్ళని వెతకరూ? అమ్మమ్మ పేరు తప్ప నాకేం తెలీదు.”

“చాలా కష్టమమ్మా. నెలలు పడుతుంది. గడియారాలు బాగుచేసుకుంటూ తిరిగినవాళ్ళు, ఒక ఊరని ఉండరు కదా...”

ఆమె చేతిలో కత్తెర ఆగింది. “గడియారాలా?”

అవతల కుర్చీ కిర్రుమంది.

వాళ్ళు ఈయనకి ఎప్పుడో దొరికేశారు. చెప్పేస్తే ఇక తను ఫోన్ చెయ్యదని ఆ సంగతి దాచుకున్నారు.

కోపం రావలసిందే. ఆమె ఖాళీ కొట్టు వంక చూసింది. పొద్దుటినుంచీ ఆ ఫోన్‌లో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

“తొందరేం లేదు, నిదానంగానే వెతకండి,” అంది. “రేపు మళ్ళీ చేస్తాను, పెద్దనాన్నా.”