తిరుగుటపా సంఘం

కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే మనిషి ఆ ఆదివారం తన నవలను సంచిలో వేసుకుని పాత పేపర్ల దుకాణానికి బయల్దేరాడు. దారిలో టైపింగు షాపు ఉంది. నవలను టైపు చేసి పెట్టిన ఆ షాపు అక్కకు ఒక మాట చెప్పి పోదామని ఆగాడు. అదే అతను చేసిన పొరపాటు. అక్క ఒక పట్టాన వదిలే మనిషి కాదు.

మిగతా రోజుల్లో ఆ షాపులో కాలేజీ ప్రాజెక్టులు, విజిటింగ్ కార్డులు, లెటర్‌హెడ్లు తయారవుతాయి. ఆదివారం మాత్రం షట్టరు సగం దించి లోపల నలుగురు కూర్చుంటారు. బస్సు డ్రైవరు, లెక్కల టీచరమ్మ, పళ్ల డాక్టరు, అక్క. నలుగురూ నవలలు రాసినవాళ్లే. ఒక్కటీ అచ్చు కాలేదు. అందుకే తమకు తాము తిరుగుటపా సంఘం అని పేరు పెట్టుకున్నారు.

సంఘానికి పద్ధతులున్నాయి. ప్రచురణకర్త నుంచి 'వద్దు' అని ఉత్తరం వచ్చినవాళ్లు దాన్ని నిలబడి పైకి చదవాలి. మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. టీచరమ్మ ఎర్ర పెన్ను తీసి ఆ ఉత్తరానికి మార్కులు వేస్తుంది. అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటుంది. తిరిగొచ్చిన నవల సోమవారం సాయంత్రం దాటి ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఇంకో ప్రచురణకర్తకు పోస్టులో వెళ్లిపోవాల్సిందే.

అద్దాల మనిషికి ఇదంతా చిన్నపిల్లల ఆటలా కనిపించింది. అతను ఆరేళ్లు కష్టపడి రాశాడు. తొమ్మిది నెలలు జవాబు కోసం ఎదురుచూశాడు. తీరా వచ్చింది రెండే ముక్కలు. 'మీ రచన మా ప్రణాళికకు అనుగుణంగా లేదు. కృతజ్ఞతలు.' వాళ్లు బలవంతపెడితే నిలబడి చదివాడు. కృతజ్ఞతల దగ్గరకొచ్చేసరికి కాగితం మడిచేశాడు. చప్పట్లు పడ్డాయి. టీచరమ్మ పదికి రెండు వేసి, ఇంత బద్ధకపు జవాబు ఈ ఏడాదిలో చూడలేదంది.

"నాకు నవ్వు రావడం లేదండీ," అన్నాడతను. "మా ఆవిడ ముందు తలెత్తుకోలేకపోతున్నాను. దీన్ని తూకానికి వేసేసి, బుద్ధిగా అద్దాలు అరగదీసుకుంటాను. ఇంక రాయను."

అక్క లేచింది. బీరువాలోంచి లావుపాటి ఫైలు తీసి అతని ఒళ్లో పడేసింది.

"ముప్ఫై ఎనిమిది ఉత్తరాలు. అన్నీ ఒక్క నవలకే. పదహారేళ్ల నుంచి. చచ్చానా?"

అతను ఒక్కొక్కటే తిరగేశాడు. ఒక్కో ఉత్తరం పేజీ నిండా ఉంది. నాయిక ఏడుపు మరీ ఎక్కువైందని ఒకరు రాశారు. మూడో అధ్యాయంలో కథ కదలడం లేదని, నూట పన్నెండో పేజీలో నిజం చెప్పడానికి భయపడ్డారని ఇంకొకరు. రాసే అర్హత మీకుందో లేదో అద్దం ముందు నిలబడి అడగండని మరొకరు. చదువుతుంటే అతనికే ఒళ్లు మండింది. ఎక్కడ పొడిస్తే నొప్పి పుడుతుందో బాగా తెలిసి పొడిచినట్టున్నారు.

"నాకు రెండు ముక్కలు రాయడానికే బద్ధకించారు. మీకు ఇంతింత రాశారేంటక్కా?"

"నా మీద అంత శ్రద్ధ మరి," అంది అక్క, టీ గ్లాసులు సర్దుతూ.

డ్రైవరు కలగజేసుకున్నాడు. తనకు తొమ్మిది ఉత్తరాలొచ్చాయట. పదోసారి పంపే ధైర్యం ఈ ఫైలు చూశాకే వచ్చిందట. పళ్ల డాక్టరుదీ అదే మాట. అక్క ముప్ఫై ఎనిమిది దెబ్బలు తిని నిలబడితే, మూడు తిని మూల కూర్చోవడానికి ఆయనకు సిగ్గేసిందట.

అక్క వచ్చి అద్దాల మనిషి ఎదురుగా కూర్చుంది.

"వద్దన్నది ఎవరు తమ్ముడూ? కుర్చీలో కూర్చున్న ఒక మనిషి. పొద్దున ఇంట్లో పోట్లాడి వచ్చి ఉంటాడు. ఆయన వద్దంటే నీ ఆరేళ్లనూ తూకానికి వేస్తావా? మళ్లీ పంపు. మళ్లీ వద్దంటే మళ్లీ పంపు. విసుగు పుడితే వాళ్లకు పుట్టాలి, మనకు కాదు."

అతను ఫైలు మూసి పక్కన పెట్టాడు. తర్వాత సంచిలోంచి నవల తీసి బల్ల మీద పెట్టి, ఒక పెద్ద కవరు అడిగాడు. చిరునామా తనే రాశాడు. అక్షరాలు వంకర పోయాయి. అయినా కొట్టేయకుండా పూర్తి చేశాడు.

"భయం పోలేదక్కా," అన్నాడు లేస్తూ. "భయంతోనే పంపుతాను. మీరూ ప్రతిసారీ అలాగే పంపి ఉంటారు కదా."

అక్క ఫైలు తీసుకెళ్లి బీరువాలో పెట్టేసింది.

సోమవారం భోజనాల వేళకు అతను పోస్టాఫీసు రసీదుతో వచ్చాడు. వాళ్లావిడ ఎగతాళి చేస్తుందనుకుంటే, కవరుకు జిగురు తనే రాసి, ఈసారి వాళ్లకు కళ్లు కనబడకపోతే మన కళ్లజోళ్ల షాపుకు రమ్మనమని చెప్పిందట. ఆ మాట చెప్పి హాయిగా నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

అతను మలుపు తిరిగేదాకా అక్క చూస్తూ నిలబడింది. తర్వాత పనివేళలోనే షట్టరు పూర్తిగా దించేసింది. బీరువా అడుగున, ప్రచురణకర్తల పేర్లతో తనే అచ్చేసుకున్న ఖాళీ లెటర్‌హెడ్ల కింద నుంచి తన నవల తీసి, దుమ్ము దులిపి, కవరులో పెట్టి, పోస్టాఫీసు వరసలో నిలబడింది. కౌంటరులోని ఉద్యోగి కవరు అందుకోబోయాడు. అది ఆమె చేతిలోంచి రాలేదు.

"వదిలితే కదమ్మా తూచేది," అన్నాడతను.

అక్క కళ్లు మూసుకుని వదిలింది. పదహారేళ్లలో ఆమె ఆ నవలను ఎవరికైనా పంపడం అదే మొదటిసారి.